స్టాండర్డ్ డీవియేషన్ దగ్గర ఆగిపోయిన విద్యార్థిని: ఒక జీఆర్‌ఈ కేస్ స్టడీ

జీఆర్‌ఈ (విదేశాల్లో పీజీ చదువుకు రాసే ప్రవేశ పరీక్ష) క్వాంట్‌కి, అంటే గణిత విభాగానికి, తయారయ్యేవాళ్లలో ఒక రకం విద్యార్థులు నా దగ్గరికి తరచుగా వస్తుంటారు. ఆల్జీబ్రా బాగానే వచ్చు. జామెట్రీలో పెద్దగా తడబడరు. శాతాలూ నిష్పత్తులూ చకచకా చేసేస్తారు. సగటు, స్టాండర్డ్ డీవియేషన్ (సంఖ్యలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత, పొట్టిగా ఎస్‌డీ) అన్న మాటలు కనిపిస్తే మాత్రం వేగం ఒక్కసారిగా పడిపోతుంది. ఇక్కడ నేను చెప్పబోయే విద్యార్థిని కూడా అలాంటి అమ్మాయే. ఇంజినీరింగ్ చదివింది, అందులో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టు. ఫార్ములా అడిగితే నిద్రలో లేపినా చెబుతుంది. అయినా మాక్ టెస్టుల్లో ఎస్‌డీ ప్రశ్నల్లో ఎక్కువ తప్పులే. సరిగ్గా చేసినవాటికి కూడా చాలా సమయం తీసుకునేది.

ఆమెకు ఎక్కడ దారి తప్పుతోందో, ఏ లెక్కలతో ఏ వరసలో సరిచేశామో, ఇంకా ఎక్కడ పని మిగిలిందో రాస్తున్నాను. ఇన్నాళ్ల బోధనలో నాకు గట్టిగా అనిపించింది ఒకటుంది. ఈ పరీక్షలో ఎస్‌డీ ప్రశ్న చాలావరకు ఎస్‌డీ విలువను అడగదు. సంఖ్యలు సగటు నుంచి ఎంతెంత దూరంలో ఉన్నాయో మనం చూడగలమా లేదా అని అడుగుతుంది. ఆ దూరాలను చూసే అలవాటు లేనివాళ్లకు ఫార్ములా ఎంత బాగా వచ్చినా సాయపడదు.

పరీక్ష కోరేది

2023 సెప్టెంబరు నుంచి జీఆర్‌ఈ నిడివి తగ్గింది. క్వాంట్‌లో ఇప్పుడు రెండు సెక్షన్లు. మొదటిదానిలో 12 ప్రశ్నలకు 21 నిమిషాలు, రెండోదానిలో 15 ప్రశ్నలకు 26 నిమిషాలు. అంటే ఒక్కో ప్రశ్నకు సుమారు ఒక నిమిషం 45 సెకన్లు. మొదటి సెక్షన్ ఎలా చేశామన్నదాన్ని బట్టి రెండో సెక్షన్ కష్టం మారుతుంది కాబట్టి, మొదట్లోనే ఒక లెక్క మీద నాలుగు నిమిషాలు పోగొట్టుకుంటే ఆ దెబ్బ ముందుకు కూడా పాకుతుంది. తెర మీద క్యాలిక్యులేటర్ ఇస్తారు. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం, బ్రాకెట్లు, కొంచెం మెమరీ, అంతే. ఎస్‌డీకి మీట లేదు.

ఎస్‌డీని పూర్తిగా కట్టాలంటే సగటు కనుక్కోవాలి, ప్రతి సంఖ్యకూ సగటుకూ తేడా తీయాలి, ఆ తేడాల వర్గాలు రాయాలి, వర్గాల సగటు తీయాలి, చివరికి వర్గమూలం. ఐదు సంఖ్యలకే ఇది బోలెడు పని. మధ్యలో ఒక వర్గం తప్పు పడితే మొత్తం పోతుంది. ప్రశ్న తయారుచేసేవాళ్లకు ఇది తెలియక కాదు. అందుకే ఎక్కువ ప్రశ్నలు ఈ పని చేయకుండానే తేలేలా ఉంటాయి.

స్టాటిస్టిక్స్ కోర్సు చదివి వచ్చినవాళ్లకు ఇంకో టెన్షన్ ఉంటుంది. వర్గాల మొత్తాన్ని ఎన్ని సంఖ్యలుంటే అన్నిటితో భాగించాలా, లేక ఒకటి తగ్గించి భాగించాలా? జీఆర్‌ఈ నిర్వహించే ఈటీఎస్ వాళ్ల మ్యాథ్ రివ్యూలో స్టాండర్డ్ డీవియేషన్ అంటే తగ్గించకుండా భాగించేదే. ఒకటి తగ్గించేదాన్ని శాంపిల్ స్టాండర్డ్ డీవియేషన్ అని వేరే పేరుతో చెబుతారు. ఆ పేరు ప్రశ్నలో లేకపోతే దాని గురించి ఆలోచించనక్కర్లేదు. ఈ అమ్మాయి ప్రతిసారీ ఇక్కడ ఓ పది సెకన్లు ఆగేది. మొదటి రోజే ఆ అనుమానం తీర్చేశాను.

పైకి అంటూ ఆలోచించమన్నాను

తప్పు జవాబుల జాబితా చూస్తే తప్పు ఎక్కడ పడిందో తెలుస్తుంది గానీ ఎందుకు పడిందో తెలియదు. అందుకే కొత్త విద్యార్థి ఎవరొచ్చినా మొదట చేయించేది ఒకటే: లెక్క చేస్తూ మనసులో అనుకునేదంతా పైకి అనమంటాను. నేను మధ్యలో ఒక్క మాట మాట్లాడను.

ఆమెకు మొదట ఇచ్చింది క్వాంటిటేటివ్ కంపారిజన్ లెక్క. ఈ రకంలో రెండు రాశులు ఇస్తారు. జవాబులు ఎప్పుడూ అవే నాలుగు: మొదటిది పెద్దది, రెండోది పెద్దది, రెండూ సమానం, ఇచ్చిన సమాచారంతో చెప్పలేం. మొదటి రాశి 12, 15, 18, 21, 24 అనే సంఖ్యల ఎస్‌డీ. రెండో రాశి 112, 115, 118, 121, 124 ఎస్‌డీ.

మొదటిదాని సగటు 18 అంది. తేడాలు తీసింది, వర్గాలు 36, 9, 0, 9, 36. మొత్తం 90, ఐదుతో భాగిస్తే 18, దాని వర్గమూలం సుమారు 4.24. తప్పు లేదు. తర్వాత రెండో వరసకు మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టింది. క్యాలిక్యులేటర్ మీద కూడేటప్పుడు ఒక అంకె జారి సగటు 118 బదులు 119 వచ్చింది. అక్కణ్నుంచి అన్ని తేడాలూ తప్పాయి, ఎస్‌డీ కాస్త పెద్దదిగా తేలింది. "రెండోదే పెద్దది సార్" అంది. ఎందుకని అడిగితే, "లెక్కలో అలా వచ్చింది, అయినా సంఖ్యలు కూడా పెద్దవే కదా" అంది.

ఆ రెండో సగం మాట నాకు కావలసింది. అంకె జారడం ఎవరికైనా జరుగుతుంది. కానీ తప్పు జవాబు వచ్చినప్పుడు ఆమెకు అనుమానం రాలేదు, ఎందుకంటే సంఖ్యలు పెద్దవైతే ఎస్‌డీ కూడా పెద్దదవుతుందని లోపల ఎక్కడో ఒక నమ్మకం ఉంది. ఫార్ములా రాయగలగడం, ఆ ఫార్ములా ఏం కొలుస్తుందో తెలిసి ఉండటం వేరువేరని అర్థమైంది కదా. రెండు వరసల్లోనూ సగటు నుంచి దూరాలు 6, 3, 0, 3, 6. దూరాలు అవే అయినప్పుడు ఎస్‌డీ అదే. పెన్ను కదపక్కర్లేని లెక్క.

రెండో లెక్కలో మరోటి బయటపడింది. ఒక జాబితా 10, 20, 20, 20, 30. ఇంకోటి 10, 10, 20, 30, 30. ఏ ఎస్‌డీ పెద్దది? "రెండింటికీ సగటు 20, చిన్నది 10, పెద్దది 30, కాబట్టి సమానం" అంది, చాలా నమ్మకంగా. రేంజ్‌నీ (పెద్ద సంఖ్యకూ చిన్న సంఖ్యకూ తేడా) ఎస్‌డీనీ ఒకటే అనుకుంటోంది. నిజానికి మొదటి జాబితాలో మూడు సంఖ్యలు సగటు మీదే కూర్చున్నాయి, వర్గాల మొత్తం 200. రెండోదానిలో నాలుగు సంఖ్యలు పదేసి దూరంలో ఉన్నాయి, మొత్తం 400. రేంజ్ రెండు చివరలనే చూస్తుంది. ఎస్‌డీ ప్రతి ఒక్కరినీ అడుగుతుంది.

మూడోది నేను బాగా పట్టించుకునే తప్పు. ఒక డేటా సగటు 50, ఎస్‌డీ 10. మొదటి రాశి: 40 కన్నా ఎక్కువ, 60 కన్నా తక్కువ ఉన్న విలువల శాతం. రెండో రాశి: 68. ఆమె తడుముకోకుండా "సమానం" అంది. నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌లో (గంట ఆకారంలో పరుచుకున్న డేటాలో) ఒక ఎస్‌డీ లోపల సుమారు 68 శాతం, రెండు ఎస్‌డీల లోపల 95 శాతం విలువలు ఉంటాయని నోటికి వచ్చు కాబట్టి. ప్రశ్నలో నార్మల్ డిస్ట్రిబ్యూషన్ అన్న మాటే లేదు. ఈ లెక్కను కాసేపట్లో మళ్లీ చూద్దాం.

ఫార్ములా పక్కన పెట్టించడం

నేను పెట్టిన మొదటి నియమం ఆమెకు నచ్చలేదు. కొన్నాళ్లు ఏ లెక్కలోనూ ఎస్‌డీ విలువ కట్టకూడదు. వర్గమూలం గుర్తు కాగితం మీద కనిపించకూడదు. ప్రతి జాబితా కింద ఒకే ఒక వరస రాయాలి: సగటు నుంచి దూరాలు. ఆ వరస చూసి జవాబు చెప్పాలి, కారణం ఒక వాక్యంలో పైకి అనాలి. వచ్చినదాన్ని వద్దంటున్నానని ఆమెకు ఇబ్బందిగా ఉండేది. కానీ ఫార్ములా చేతిలో ఉన్నంతసేపు చెయ్యి దానివైపే పోతుంది, కన్ను దూరాల మీద నిలవదు. ఈ విషయంలో నేను రాజీపడను.

అన్ని సంఖ్యలకూ ఒకే సంఖ్య కలిపితే దూరాలు మారవు. మూడుతో గుణిస్తే ప్రతి దూరం మూడింతలు, ఎస్‌డీ మూడింతలు, వేరియన్స్ (ఎస్‌డీ వర్గం) తొమ్మిదింతలు. మైనస్ రెండుతో గుణిస్తే ఎస్‌డీ రెండింతలు, ఎందుకంటే దూరానికి మైనస్ ఉండదు. ఇవి తొందరగానే పట్టుకుంది. సెల్సియస్‌లో సగటు 20, ఎస్‌డీ 5 ఉన్న ఉష్ణోగ్రతలను ఫారెన్‌హీట్‌లోకి మారిస్తే సగటు 68, ఎస్‌డీ 9. సగటుకు 1.8తో గుణకారం, 32 కలపడం రెండూ అంటుకుంటాయి. ఎస్‌డీకి గుణకారం ఒక్కటే. ఒకసారి చెబితే చాలు.

అసలు పని కొత్త సంఖ్యలు చేర్చే లెక్కల దగ్గర పడింది. వీటి మీద ఎంత సమయం గడిపినా వృథా కాదని నా అనుభవం, ఎందుకంటే దూరాల గురించిన అవగాహన ఇక్కడే స్థిరపడుతుంది.

ఒక జాబితా సగటు 40, ఎస్‌డీ 6. దానికి 40, 40 అని రెండు సంఖ్యలు చేర్చాం. సగటు మారదు. కొత్తగా వచ్చిన దూరాలు రెండూ సున్నా. వర్గాల మొత్తం అంతే ఉంది, భాగించే సంఖ్య పెరిగింది, కాబట్టి ఎస్‌డీ తగ్గుతుంది. 30, 50 చేర్చామనుకోండి. సగటు మళ్లీ 40. కొత్త దూరాలు పదేసి, అంటే 6 కన్నా ఎక్కువ. ఎస్‌డీ పెరుగుతుంది. మరి 34, 46 చేరిస్తే? ఇక్కడ ఆమె చాలాసేపు ఆలోచించింది. కొత్త దూరాల వర్గాలు 36, 36. పాత వర్గాల సగటు కూడా 36. సగటుతో సమానమైనవి ఎన్ని చేర్చినా సగటు కదలదు. ఎస్‌డీ 6 దగ్గరే ఉంటుంది. "అంటే వేరియన్స్ కూడా ఒక సగటే కదా సార్, దూరాల వర్గాల సగటు!" అంది. ఆ మాట ఆమె నోటి నుంచి రావాలనే ఎదురుచూస్తున్నాను. అది తట్టాక సగటు గురించి తెలిసినదంతా వేరియన్స్‌కి కూడా వాడుకోవచ్చు.

వెంటనే దానికొక మెలిక ఇచ్చాను. రెండు కాదు, 46 ఒక్కటే చేరిస్తే? చాలామంది మారదనే అంటారు. ఆమె కూడా అలాగే అంది. 46 ఒక్కటే వస్తే సగటు తానే 46 వైపు కాస్త జరుగుతుంది, దాంతో అన్ని దూరాలూ మారతాయి. పెద్ద జాబితాలో చూడటం కష్టం కాబట్టి చిన్నది తీసుకున్నాం. 2, 4 అనే రెండు సంఖ్యలు. సగటు 3, ఎస్‌డీ 1. దీనికి సరిగ్గా ఒక ఎస్‌డీ పైన ఉన్న 4ను చేర్చాం. ఇప్పుడు 2, 4, 4. సగటు 10/3. దూరాలు 4/3, 2/3, 2/3. వర్గాల మొత్తం 24/9, మూడుతో భాగిస్తే 8/9. ఒకటి కన్నా తక్కువ, అంటే ఎస్‌డీ కొంచెం తగ్గింది. ఏ జాబితాకైనా ఇంతే: సరిగ్గా ఒక ఎస్‌డీ దూరంలో ఒక్క సంఖ్యను చేరిస్తే ఎస్‌డీ స్వల్పంగా తగ్గుతుంది. జాబితా పెద్దదయ్యేకొద్దీ ఆ తగ్గుదల కంటికి ఆనదు. పరీక్షలో ఇంత లోతుగా అడగడం అరుదు. కానీ సగటుకు రెండు వైపులా సమదూరంలో చేర్చడం వేరు, ఒక వైపే చేర్చడం వేరు అన్న స్పృహ మాత్రం తప్పకుండా కావాలి.

హద్దులు తెలిసి ఉండటం

బహుళ జవాబుల ప్రశ్నల కోసం ఒక లెక్క చేశాం. ఇందులో సరైన ఆప్షన్లు అన్నీ గుర్తిస్తేనే మార్కు. ఆరు సంఖ్యల జాబితా, చిన్నది 10, పెద్దది 30. ఎస్‌డీ వీటిలో ఏవి కావచ్చు: 4, 6, 10, 12?

సంఖ్యలే ఇవ్వకుండా ఎస్‌డీ ఎలా చెబుతామని ఆమె వాదన. రెండు చివరలను ఊహించమన్నాను. ఎక్కువ చెదిరి ఉండాలంటే సగం 10 మీద, సగం 30 మీద ఉండాలి. అప్పుడు సగటు 20, ప్రతి దూరం 10, ఎస్‌డీ 10. అంతకు మించి సాధ్యం కాదు. ఎస్‌డీ ఎప్పుడూ రేంజ్‌లో సగాన్ని దాటదు. 12 పోయింది. తక్కువ చెదిరి ఉండాలంటే 10, 30 ఎలాగూ తప్పవు కాబట్టి మిగతా నాలుగూ 20 మీద ఉండాలి. వర్గాల మొత్తం 200, ఆరుతో భాగిస్తే 33.3, ఎస్‌డీ సుమారు 5.77. అంతకన్నా తగ్గదు. 4 పోయింది. ఈ రెండు హద్దుల మధ్య నాలుగు సంఖ్యలను జరుపుతూ పోతే ఎస్‌డీ ఏ విలువకైనా చేరుతుంది కాబట్టి 6 సాధ్యమే. జవాబు 6, 10.

రేంజ్‌లో సగం అన్న హద్దు చాలా పనికొస్తుంది. ఎస్‌డీ ఏదో కష్టపడి కట్టాక రేంజ్‌లో సగం కన్నా ఎక్కువ వచ్చిందంటే ఇంకేం చూడక్కర్లేదు, ఎక్కడో తప్పు పడింది. కింది హద్దు సంగతి కూడా ఉంది: వేరియన్స్ సున్నా అయితే సంఖ్యలన్నీ ఒకటే. ఐదు సంఖ్యల వేరియన్స్ సున్నా, వాటిలో ఒకటి 7 అంటే మొత్తం 35 అని అప్పుడే తెలిసిపోయింది.

సగటు లెక్కలు

సగటు ప్రశ్నల్లో ఆమెకు తప్పులు తక్కువ, ఆలస్యమే ఎక్కువ. ఇరవై మార్కుల సగటు 65, అందులో 84ను పొరపాటున 48గా రాశారు, సరైన సగటు ఎంత? ఆమె 20ని 65తో గుణించి 1300 తెచ్చి, 48 తీసి, 84 కలిపి, 1336ను 20తో భాగించి 66.8 చెప్పింది. సరైనదే. కానీ తేడా 36, దాన్ని ఇరవై మందికి పంచితే తలా 1.8. అయిపోయింది.

రెండు గుంపులు కలిపే లెక్కల్లో ఈ చూపు మరీ ముఖ్యం. ఒక గుంపు సగటు 72, ఇంకో గుంపు సగటు 87, కలిపితే 78. ఏ నిష్పత్తిలో ఉన్నారు? ఆమె ఎక్స్, వై పెట్టి సమీకరణం రాసింది. తూగుడుబల్లను ఊహించుకోమన్నాను. 78 దగ్గర ఆధారం, ఒక వైపు 6 దూరం, ఇంకో వైపు 9 దూరం. దగ్గర కూర్చున్నవాళ్లు ఎక్కువమంది ఉంటేనే బల్ల నిలుస్తుంది. కాబట్టి 72 గుంపు 9 పాళ్లు, 87 గుంపు 6 పాళ్లు, అంటే 3:2. సగటుకు పైన ఉన్న దూరాల మొత్తం, కింద ఉన్న దూరాల మొత్తం ఎప్పుడూ సమానమే. సగటుకైనా ఎస్‌డీకైనా మనం చూసేది అవే దూరాలు. ఒకచోట వాటిని గుర్తుతో కూడతాం, ఇంకోచోట వర్గం చేసి కూడతాం.

ఫార్ములా మీద నిషేధం ఎత్తేశాక నేను ప్రత్యేకంగా నేర్పింది ఒక్కటే: వేరియన్స్ అంటే సంఖ్యల వర్గాల సగటులోంచి, సగటు యొక్క వర్గాన్ని తీసేస్తే వచ్చేది. పది సంఖ్యల మొత్తం 60, వాటి వర్గాల మొత్తం 400 అని ఇచ్చి ఎస్‌డీ అడిగితే సంఖ్యలు తెలియకపోయినా పని జరుగుతుంది. 40లోంచి 36 తీస్తే 4, వర్గమూలం 2. ఇక్కడ ఫార్ములా నిజంగా అవసరం, దూరాలు చూడటానికి సంఖ్యలే లేవు. ఎప్పుడు ఫార్ములా, ఎప్పుడు చూపు అన్నది ఆమె తానే తేల్చుకోవాలి కాబట్టి రెండు రకాలూ కలిపి ఇస్తూ వచ్చాను.

నార్మల్ అని చెప్పారా?

ఇప్పుడు ఆ 68 శాతం లెక్క. దీన్ని నేను ఆమెకు వివరించలేదు. సగటు 50, ఎస్‌డీ 10 వచ్చేలా రెండు జాబితాలు తయారుచేసి తెమ్మన్నాను, ఒకదానికొకటి ఏమాత్రం పోలిక ఉండకూడదని షరతు. విద్యార్థి చేత డేటా తయారుచేయించడం లెక్క చేయించడం కన్నా ఎంతో మేలు చేస్తుంది. ఇది ప్రతి ఒక్కరి దగ్గరా చూస్తున్నాను.

మొదటిది తొందరగానే తెచ్చింది: సగం 40లు, సగం 60లు. ప్రతి దూరం 10, ఎస్‌డీ 10. ఇందులో 40 కన్నా ఎక్కువ, 60 కన్నా తక్కువ ఉన్న విలువలు ఒక్కటీ లేవు. సున్నా శాతం. రెండోదానికి కాస్త కుస్తీ పట్టింది. చివరికి 30 ఒకటి, 50లు ఆరు, 70 ఒకటి. వర్గాల మొత్తం 800, ఎనిమిదితో భాగిస్తే 100, ఎస్‌డీ 10. ఇందులో 75 శాతం విలువలు మధ్యలో ఉన్నాయి. ఒక జాబితాలో 68 కన్నా తక్కువ, ఇంకోదానిలో ఎక్కువ. కాబట్టి చెప్పలేం. తాను స్వయంగా కట్టిన రెండు జాబితాలూ ఎదురుగా ఉంటే ఇక వాదించడానికి ఏముంది?

ఏ డేటాకైనా వర్తించే మాట ఒకటుంది, చెబిషెవ్ అసమానత. రెండు ఎస్‌డీల లోపల కనీసం 75 శాతం, మూడు ఎస్‌డీల లోపల కనీసం 8/9 వంతు విలువలు ఉంటాయి. పరీక్షకు ఇది తప్పనిసరి కాదు. కానీ నార్మల్‌కి సంబంధించిన 68, 95లకూ, ఎక్కడైనా నిలిచే ఈ హామీకీ మధ్య ఎంత తేడా ఉందో చూస్తే "నార్మల్" అన్న మాట కోసం ప్రశ్నను వెతికే అలవాటు పడుతుంది.

నార్మల్ అని చెప్పినప్పుడు మాత్రం సగటు నుంచి ఒక ఎస్‌డీ వరకు సుమారు 34 శాతం, ఒకటి నుంచి రెండు వరకు 14, ఆ పైన 2 అని గుర్తుంటే చాలు. సగటు 70, ఎస్‌డీ 5 ఉన్న నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌లో 70 నుంచి 73 వరకు ఉన్నవాళ్లు ఎక్కువా, 73 నుంచి 76 వరకు ఉన్నవాళ్లు ఎక్కువా? వెడల్పు ఒకటే, సగటుకు దగ్గరున్న ముక్కలో ఎక్కువమంది ఉంటారు. 0.6 ఎస్‌డీ దగ్గర టేబుల్ ఏం చెబుతుందో అక్కర్లేదు.

దీనికి జోడీగా ఇచ్చిన ఇంకో లెక్క ఆమెను వ్యతిరేక దిశలో పరీక్షించింది. ఒక డేటాలో 63 సగటు కన్నా 1.5 ఎస్‌డీ కింద ఉంది, 88 సగటు కన్నా ఒక ఎస్‌డీ పైన ఉంది. సగటు ఎంత? నార్మల్ అని చెప్పలేదు కాబట్టి చెప్పలేమంది. అతిజాగ్రత్త. ఇందులో శాతాల ఊసే లేదు, ఉన్నది దూరాలే. 63 నుంచి 88 వరకు 25, అది 2.5 ఎస్‌డీలు, ఎస్‌డీ 10, సగటు 78. నార్మల్ కావలసింది ఎంతమంది ఉన్నారని అడిగినప్పుడు. ఎక్కడ ఉన్నారని అడిగితే అక్కర్లేదు.

ఫలితం, మిగిలిన పని

గడియారం పెట్టి చేయించిన చివరి మాక్ టెస్టుల్లో ఎస్‌డీ పోలిక ప్రశ్నలు ఆమెకు అన్నిటికన్నా తొందరగా తేలేవిగా మారాయి. జాబితా కింద దూరాల వరస రాసేది, ఒక్కోసారి అదీ లేదు, చూసి చెప్పేసేది. "చెప్పలేం" అన్న జవాబు పెట్టేముందు రెండు ఉదాహరణలు కట్టి చూసుకోవడం మొదలుపెట్టింది. ఇక్కడ మిగిలిన సమయాన్ని డేటా ఇంటర్‌ప్రిటేషన్ (పట్టికలు, గ్రాఫులు చదివి చేసే) ప్రశ్నలకు వాడుకునేది. మార్పు ఒక్కసారిగా రాలేదు. నిషేధం ఎత్తేసిన కొత్తలో మళ్లీ ఫార్ములా వైపు జారింది, క్యాలిక్యులేటర్ ముందు కూర్చుంది. మళ్లీ కొన్ని రోజులు వర్గమూలం గుర్తు దాచేయాల్సి వచ్చింది.

రెండు గుంపులు కలిపినప్పుడు ఎస్‌డీ ఏమవుతుందన్నది మాత్రం ఆమెకు చివరిదాకా ఇబ్బందే. ఇందాకటి గుంపులే తీసుకుందాం. 72 సగటు, 87 సగటు, నిష్పత్తి 3:2. రెండు గుంపులకూ ఎస్‌డీ 5 అని ఇచ్చి, కలిపిన గుంపు ఎస్‌డీ 5 కన్నా ఎక్కువా తక్కువా అంటే, "రెండూ 5 కదా, 5 దగ్గరే ఉంటుంది" అనేది. విడిగా ఉన్నప్పుడు ఒక గుంపు దూరాలను 72 నుంచి కొలిచాం, ఇంకో గుంపువి 87 నుంచి. కలిపాక అందరి దూరాలూ 78 నుంచి కొలవాలి. వేరియన్స్ 25 ఎలాగూ ఉంది. దానికి గుంపుల సగటులు 78 నుంచి ఉన్న దూరాల వర్గాలు తోడవుతాయి: 36లో 3/5 వంతు 21.6, 81లో 2/5 వంతు 32.4, కలిపి 54. మొత్తం 79, ఎస్‌డీ సుమారు 8.9. ఎస్‌డీలు సమానంగా ఉన్న రెండు గుంపుల్ని కలిపితే, సగటులు కూడా ఒకటే అయితే తప్ప, ఎస్‌డీ పెరిగి తీరుతుంది.

దీన్ని ఆమె అంకెలతో కట్టగలదు. చూసి చెప్పడం ఇంకా రాలేదు. అందుకు ఇచ్చిన అభ్యాసం ఇది: మూడేసి సంఖ్యల చిన్న గుంపులు రెండు తీసుకోవాలి, ఉదాహరణకు 1, 2, 3 ఒకటి, 11, 12, 13 ఒకటి. విడిగా దూరాలు రాయాలి: 1, 0, 1, మళ్లీ 1, 0, 1. కలిపాక సగటు 7 దగ్గరి నుంచి రాయాలి: 6, 5, 4, 4, 5, 6. తర్వాత రెండో గుంపును కొంచెం కొంచెంగా మొదటి గుంపు వైపు జరుపుతూ, ప్రతిసారీ ఆ వరసను మళ్లీ రాయాలి, రెండు గుంపులూ ఒకదానిమీద ఒకటి పడేదాకా.